మా చిన్నోడి మెదడులో ఏవీఎం: త్రివేండ్రం శ్రీ చిత్రలో వైద్యం, నా రివ్యూ

ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా. ఎందుకిస్తున్నానో చెప్పాలంటే మాత్రం హాస్పిటల్ గేటు దగ్గర మొదలుపెడితే కుదరదు, మావాడికి మొదటిసారి తలనొప్పి వచ్చిన రోజు నుంచి చెప్పాలి. పొడుగ్గానే ఉంటుంది. పిల్లల మెదడులో రక్తనాళాల జబ్బు అని ఎవరైనా డాక్టర్ చెప్పగానే ఫోన్‌లో తెలుగులో వెతికి, ఏమీ దొరక్క, రాత్రంతా కూర్చునే తల్లిదండ్రుల కోసం రాస్తున్నా. రెండేళ్ళ కిందట నేనూ అలాగే కూర్చున్నా.

మాది నరసరావుపేట దగ్గర ఊరు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. 2023 ఆగస్టులో, అప్పటికి బాబుకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి, ప్రేయర్ లైన్లో నిలబడ్డవాడు ఉన్నట్టుండి రెండు చేతులతో తల పట్టుకుని కింద కూర్చుండిపోయాడట. వెంటనే రెండు వాంతులు. టీచరమ్మ ఫోన్ చేస్తే పరిగెత్తుకుంటూ వెళ్ళాం. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లో చూపిస్తే పైత్యం అన్నారు, కళ్ళు కూడా ఒకసారి చెక్ చేయించండి, టీవీ తగ్గించండి అన్నారు. మాత్రలు వేస్తే రెండు రోజుల్లో తగ్గింది కూడా. మా అమ్మ దిష్టి తీసి చేతికి తాడు కట్టింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

పదకొండో రోజు రాత్రి రెండు గంటలప్పుడు మా ఆవిడ కేక విని లేచా. బాబుకి ఎడమ చెయ్యి కొట్టుకుంటోంది, మూతి ఒక పక్కకి లాగేసింది, కళ్ళు పైకి తేలిపోయాయి. ఫిట్స్ అని కూడా మాకు తెలియలేదు. 108 వచ్చింది, గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం, అక్కడి డ్యూటీ డాక్టరు ఇంకేమీ అడక్కుండా ముందు సీటీకి పంపాడు. పావుగంటలో పిలిచి స్క్రీన్ మీద చూపించాడు: కుడివైపు ముందు భాగంలో తెల్లగా ఒక ముద్ద. అది రక్తం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. పిల్లలకి తలనొప్పి మామూలే, అందులో చాలావరకు ఏమీ ఉండదు. కానీ ఉన్నట్టుండి, ఒక్క క్షణంలో, ఆడుకుంటున్న పిల్లాణ్ణి కూర్చోబెట్టేసేంత తలనొప్పి, వెంటనే వాంతులు, ఆ తర్వాత మగత గానీ ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం గానీ ఫిట్స్ గానీ కనిపిస్తే అది కళ్ళద్దాల సంగతి కాదు, పైత్యం కాదు. అదే పూట స్కాన్ తీయించాలి. మొదటి రోజు కూడా కొద్దిగా రక్తం కారి ఉండొచ్చని తర్వాత డాక్టర్లన్నారు. ఆ పదకొండు రోజులు నాకు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంటాయి.

గుంటూరులో తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంచారు. గడ్డ మరీ పెద్దది కాదు, ఆపరేషన్ అక్కర్లేకుండానే కరుగుతుంది అన్నారు. సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనిపించేలా తీసే సీటీ, తీశాక అక్కడి న్యూరో డాక్టరు నన్ను ఒక్కణ్ణే పిలిచి కూర్చోబెట్టి, "ఇది ఏవీఎం లాగా ఉందయ్యా. రక్తనాళాలు పుట్టుకతోనే తప్పుగా అల్లుకుపోవడం. దీనికి చేయాల్సిన వైద్యం మా దగ్గర లేదు, ఉందని చెప్పి నిన్ను ఇక్కడ ఉంచను" అన్నాడు. ఆయనకి నేను జన్మంతా రుణపడి ఉంటా. లేదు అని చెప్పే డాక్టరు దొరకడం ఎంత అదృష్టమో ఆ తర్వాత నెలరోజుల్లో తెలిసొచ్చింది.

అసలు ఏవీఎం అంటే ఏమిటో నాకు అర్థమైన తీరులో చెప్తా. మనం రక్తనాళాన్నీ నరమే అంటాం, నాడినీ నరమే అంటాం, అందుకే "తలలో నరం చిట్లింది" అనగానే ఏదేదో ఊహించుకుంటాం. ఇక్కడ సంగతి రక్తం పారే గొట్టాలది. మా వైపు సాగర్ కాలువ ఉంది కదా, పెద్ద కాలువలో నీళ్ళు ఉరవడిగా వస్తాయి, అవి మేజర్లోకి, మైనర్లోకి, చివరికి పంట బోదెల్లోకి చేరేసరికి వేగం తగ్గి పొలానికి మెల్లగా ఎక్కుతాయి, మిగిలిన నీరు మురుగు కాలువలో పడుతుంది. మెదడులోనూ అంతే. గుండె నుంచి ధమనిలో రక్తం ఒత్తిడితో వస్తుంది, వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికల్లో నెమ్మదిస్తుంది, మెదడుకి కావలసింది ఇచ్చి సిరలో పడి వెనక్కి పోతుంది. ఏవీఎం ఉన్నచోట ఆ బోదెలు లేవు. పెద్ద కాలువకి గండిపడి నేరుగా మురుగు కాలువలో పడ్డట్టు ధమని రక్తం అదే ఉరవడితో సిరలోకి దూకుతుంది. సిర గోడ పల్చటిది, ఆ ఒత్తిడికి తట్టుకునేలా దాన్ని దేవుడు చేయలేదు, ఉబ్బుతుంది, ఒకరోజు చిట్లిపోవచ్చు. ఆ మధ్యలో ఉండే చిక్కుముడినే నైడస్ అంటారు.

తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో, గ్రహణం చూసినందుకో ఇది రాదు. మా బంధువుల్లో కొందరు మా ఆవిడని ఆ మాటలతో చాలా బాధపెట్టారు. చాలామందిలో ఇది వంశపారంపర్యం కూడా కాదు. ముక్కులోంచి తరచూ రక్తం కారే ఒక వంశ జబ్బు ఉంది, హెచ్‌హెచ్‌టీ అంటారు, ఆ ఇళ్ళలో ఏవీఎంలు కనిపిస్తాయి, అందుకే శ్రీ చిత్రలో మమ్మల్ని కూడా ఇంట్లో ఎవరికైనా ముక్కు నుంచి రక్తం వస్తుందా అని ఒకటికి రెండుసార్లు అడిగారు. మాకు లేదు.

శ్రీ చిత్రకి వెళ్ళేముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో చూపించాం. పేరు రాయను. ఫైల్ తెరిచిన ఐదు నిమిషాల్లో తొమ్మిది లక్షలు అన్నారు. ఎల్లుండి టేబుల్ ఖాళీ ఉంది, రేపు సాయంత్రంలోగా అడ్వాన్స్ కట్టండి, లేట్ చేస్తే మళ్ళీ చిట్లితే మా బాధ్యత కాదు అన్నారు. ఏం చేస్తారు సార్ అంటే "ప్రొసీజర్" అన్నారు. ఏ ప్రొసీజర్ అంటే బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయిని అడగమన్నారు. నేను డబ్బు గురించి కోప్పడట్లేదు, పిల్లాడి కోసం పొలం అమ్మడానికి మా నాన్న సిద్ధంగానే ఉన్నాడు. నా కొడుకు తలలో ఏం చేయబోతున్నారో నాకు చెప్పకపోవడం నాకు మింగుడు పడలేదు. గుంటూరు డాక్టరుకి ఫోన్ చేస్తే, చిట్లిన మొదటి ఏడాదిలో మళ్ళీ చిట్లే ముప్పు మామూలు కంటే ఎక్కువన్నది నిజమే కానీ, గడ్డ కరిగేదాకా కొన్ని వారాలు ఆగితేనే నైడస్ స్పష్టంగా కనపడుతుంది, గడ్డ నొక్కేస్తుంటే యాంజియోలో కొంత భాగం దాక్కుంటుంది, పిల్లాడు స్థిమితంగా ఉన్నాడు కాబట్టి ఆ టైమ్ వాడుకుని మంచి చోటికి వెళ్ళు అన్నాడు. బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ, త్రివేండ్రం శ్రీ చిత్ర అని మూడు పేర్లు రాసిచ్చాడు. మా బావమరిది హైదరాబాద్‌లో డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో చేస్తాడు, వాడే రిపోర్టులన్నీ స్కాన్ చేసి శ్రీ చిత్రకి పంపాడు, పిలుపొచ్చింది. మిగతా రెండు చోట్లా మంచి వైద్యమే ఉంటుందని అందరూ అన్నారు, మాకు ముందు పిలుపొచ్చింది ఇక్కడి నుంచి, అంతే.

శ్రీ చిత్ర అంటే తెలియనివాళ్ళ కోసం: అది కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1980లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. మన దేశంలో తయారైన చిత్ర గుండె వాల్వ్ ఇక్కడిదే. గుండె, మెదడు, ఈ రెండే ప్రధానంగా చూస్తారు. త్రివేండ్రం మెడికల్ కాలేజీ ఆవరణలోనే ఉంది, పక్కనే క్యాన్సర్ ఆసుపత్రి కూడా.

శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు మీదుగానే పోతుంది. ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం. దారిలో తిరుపతి వస్తుంది, బండి ఆగినప్పుడు మా ఆవిడ కొండ వైపు దండం పెట్టుకుని బాబు తలనీలాలు మొక్కుకుంది. త్రివేండ్రంలో దిగాక మొదట కనిపించే ఇబ్బంది భాష. డాక్టర్లతో ఇంగ్లీషు, నర్సులతో వచ్చీరాని తమిళం, సైగలు. కానీ ఆ నర్సమ్మలు మావాణ్ణి "మోనే" అని పిలిచేవాళ్ళు, అంటే బాబూ అని, "మోనే, వేదనయుండో" అనేవాళ్ళు. వేదన మన మాటే కదా, రెండో రోజుకల్లా వాడే తల ఊపి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. అటెండెంట్‌ని అక్కడ బైస్టాండర్ అంటారు, పాస్ మీద అదే రాసి ఉంటుంది, ఆ మాట పిలిస్తే మిమ్మల్నే అనుకోండి. హోటళ్ళలో తాగడానికి గులాబీ రంగు వేడినీళ్ళిస్తారు, ఏదో చెట్టు చెక్క వేసి కాస్తారు, మావాడు మందనుకుని తాగనన్నాడు. లావు ఎర్ర బియ్యం అన్నం కూడా వాడికి దిగలేదు. గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్ళండి.

ఇక అసలు విషయం. నేను ఐదు స్టార్లు ఇచ్చింది వీళ్ళు పిల్లాణ్ణి బాగు చేశారని మాత్రమే కాదు. ప్రతి మెట్టు దగ్గరా చూపించి, చెప్పి, అప్పుడు చేశారు.

మొదట ఎమ్మారై. మామూలు ఎమ్మారైలో ఏవీఎం ఉన్నచోట పురుగు తొలిచిన వంకాయ లోపలి లాగా నల్లటి చుక్కలు, మెలికలు కనిపిస్తాయి, రక్తం వేగంగా పారే గొట్టాలు అలా నల్లగా పడతాయట. తర్వాత ఫంక్షనల్ ఎమ్మారై అని ఇంకోటి చేశారు. మావాడి చిక్కుముడి ఎడమ చేతిని కదిలించే భాగానికి ఎంత దగ్గర్లో ఉందో తెలియాలి కదా, అందుకోసం మత్తివ్వకుండా మిషన్‌లో పడుకోబెట్టి, చెప్పినప్పుడు వేళ్ళు ఆడించమంటారు, ఆపమన్నప్పుడు ఆపాలి, తల మాత్రం అంగుళం కూడా కదలకూడదు. తొమ్మిదేళ్ళ పిల్లాడు, భాష రాదు. ఆ టెక్నీషియన్ కుర్రాడు నా దగ్గరికొచ్చి రెండు తెలుగు మాటలు అడిగి చేతిమీద మలయాళంలో రాసుకున్నాడు, "కదుపు", "ఆపు". బయట కుర్చీలో కూర్చోబెట్టి అరగంట బాబుతో ఆటలాగా ప్రాక్టీసు చేయించాడు. లోపల మైకులో ఆయన "కదుపూ... ఆపూ" అంటుంటే బయట మాకు వినిపిస్తోంది. మా ఆవిడ అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది.

మూడోది డీఎస్ఏ, అంటే తలలోని నాళాలకి యాంజియోగ్రామ్. సీటీ, ఎమ్మారై ఎన్ని తీసినా ఏవీఎంకి చివరి మాట దీనిదే. గజ్జ దగ్గర ధమనిలోకి సన్నటి గొట్టం పంపి, మెడదాకా తీసుకెళ్ళి, ఎక్స్‌రేలో కనిపించే మందు వదులుతూ సినిమాలాగా ఎక్స్‌రేలు తీస్తారు. 1927లో లిస్బన్‌లో మోనిజ్ అనే డాక్టరు మొదటిసారి బతికున్న మనిషి మెదడు నాళాలని ఇలా ఎక్స్‌రేలో చూశాడట, అప్పటి నుంచి పద్ధతి మారుతూ వచ్చింది గానీ మూలం అదే. పెద్దవాళ్ళకి మెలకువలోనే చేస్తారు, పిల్లలకి పూర్తి మత్తు. ముందురోజు కిడ్నీ టెస్టు చేస్తారు, ఆ మందు కిడ్నీల ద్వారా పోవాలి కాబట్టి. అయ్యాక కాలు మడవకుండా ఆరు గంటలు అలాగే పడుకోవాలి, మడిస్తే రంధ్రం దగ్గర రక్తం కారుతుంది. మత్తు దిగుతున్న పిల్లాడికి ఈ మాట చెప్పి చూడండి. మా ఆవిడ ఆ ఆరు గంటలూ వాడి మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది, తీస్తే మడుస్తాడని నీళ్ళకి కూడా లేవలేదు. రిస్క్ ఏమిటని అడిగితే పక్షవాతం వచ్చే అవకాశం చాలా తక్కువ, కానీ సున్నా కాదు అన్నారు. ఆ "సున్నా కాదు" అన్నమాటే నాకు వాళ్ళ మీద నమ్మకం తెచ్చింది.

మర్నాడు డాక్టరు మమ్మల్నిద్దర్నీ మానిటర్ ముందు కూర్చోబెట్టారు. ముందు ఎడమవైపు వేశారు, మంచి వైపు. మందు ధమనుల్లోకి వచ్చి చెట్టు కొమ్మల్లాగా పరుచుకుంది, తర్వాత మొత్తం మసక పొగలాగా అయింది, అది కేశనాళికల దశ, ఆ తర్వాత మెల్లగా సిరలు నల్లబడ్డాయి. ఆయన వేలితో లెక్కపెట్టి చూపించారు. తర్వాత కుడివైపు వేశారు. కొమ్మలు కనిపించీ కనిపించకముందే నూలు ఉండలాంటి చిక్కు నల్లబడింది, అదే క్షణంలో దాని వెనక లావుపాటి సిర ఒకటి పాములాగా పైకి లేచింది. మధ్యలో పొగ లేదు. మిగతా సిరలేవీ ఇంకా కనిపించనే లేదు, ఈ ఒక్కటీ ముందే నిండిపోయింది. చదువు తక్కువైన నాకు కూడా అర్థమైపోయింది, గండి ఎక్కడుందో. మూడుసార్లు వేసి చూపించమంటే మూడుసార్లూ వేశారు.

తర్వాత లెక్క చెప్పారు. స్పెట్జ్లర్, మార్టిన్ అనే ఇద్దరు డాక్టర్లు 1986లో పెట్టిన గ్రేడింగ్ అది. సైజు మూడు సెంటీమీటర్ల లోపైతే ఒక పాయింటు, మూడు నుంచి ఆరైతే రెండు, ఆ పైన మూడు. మాట, చెయ్యి, కాలు, చూపులాంటి ముఖ్యమైన భాగంలో ఉంటే ఇంకో పాయింటు. లోతు సిరల్లోకి పారుతుంటే ఇంకొకటి. మావాడిది రెండున్నర సెంటీమీటర్లు, చేతి భాగం అంచున ఉంది, పైసిరలోకే పారుతోంది. అంటే గ్రేడ్ రెండు. గ్రేడ్ ఒకటి, రెండు అయితే ఆపరేషన్‌తో తీసేయడం మంచి దారి, నాలుగు, ఐదు అయితే ముట్టుకోవడమే ఎక్కువ ప్రమాదం కావచ్చు, మూడు దగ్గర మనిషిని బట్టి ఆలోచిస్తారు. మీ డాక్టరుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, గ్రేడ్ ఎంత అని.

దారులు మూడు. గొట్టం ద్వారా లోపల్నుంచే మూసేయడం, దాన్ని ఎంబోలైజేషన్ అంటారు. తల తెరిచి చిక్కుముడిని తీసేయడం. లేదా గామా నైఫ్ లాంటి రేడియేషన్, పేరులో కత్తి ఉంది గానీ కోత ఉండదు, 1968లో స్వీడన్‌లో లెక్సెల్ మొదలుపెట్టింది, మన దేశంలో నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల ఉంది. మేం రేడియేషన్ గురించి గట్టిగా అడిగాం, కోత లేదంటే ఏ తండ్రైనా అదే అడుగుతాడు. చిన్న ఏవీఎంలకి అది బాగా పనిచేస్తుంది, కానీ నాళాలు మూసుకుపోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, ఈలోపు చిట్లే ముప్పు అలాగే ఉంటుంది, మీవాడిది ఒకసారి చిట్లింది, చేతికందే చోట ఉంది, కాబట్టి మేం తీసేయడమే మంచిదనుకుంటున్నాం అన్నారు. ఏమీ చేయకుండా వదిలేస్తే అని మా నాన్న అడిగాడు. సగటున ఏడాదికి నూటికి ఇద్దరు నుంచి నలుగురికి చిట్లుతుంది, అరవై ఏళ్ళ పెద్దాయనకి ఆ లెక్క వేరు, తొమ్మిదేళ్ళ పిల్లాడికి ముందు ఎన్నేళ్ళ జీవితం ఉందో అన్నేళ్ళూ ఆ ముప్పు పోగవుతూ వస్తుంది అన్నారు. మా నాన్న ఇంకేమీ అడగలేదు.

ఈ మాట చెప్పింది ఒక్క డాక్టరు కాదు. గొట్టం పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, తల తెరిచే న్యూరో సర్జన్, మత్తు డాక్టరు ముగ్గురూ ముందే కూర్చుని మాట్లాడుకుని ఒకే మాట మీద మా దగ్గరికొచ్చారు. మీరు ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఈ ముగ్గురూ ఒకే కప్పు కింద ఉన్నారా, కలిసి నిర్ణయిస్తారా అని కనుక్కోండి. గొట్టం డాక్టరు ఒక్కడే ఉన్నచోట గొట్టమే మంచిదంటారు, కత్తి డాక్టరు ఒక్కడే ఉన్నచోట కత్తే మంచిదంటారేమో అని నాకు భయం.

ముందు ఎంబోలైజేషన్ చేసి చిక్కుముడికొచ్చే ధమనుల్ని చాలావరకు మూసేశారు, రెండు రోజుల తర్వాత సర్జరీ. మూయడానికి ఓనిక్స్ అనే నల్లటి చిక్కటి ద్రవం వాడారు, అందులో టాంటలం అనే లోహపు పొడి ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలో కనిపిస్తుందట. దీని గురించి ఒకటి చెప్పాలి. ఐసీయూలో బాబు దగ్గరికి నన్ను పంపినప్పుడు వాడి ఊపిరి నుంచి గుప్పున వెల్లుల్లి వాసన వచ్చింది. పొద్దున్నుంచి నోట్లో పచ్చి మంచినీళ్ళు కూడా పోయని పిల్లాడు. నాకు కాళ్ళు వణికాయి, లోపల ఏదైనా తేడా చేసిందేమో అనుకున్నా. నర్సు నవ్వి, అది ఆ మందులో కలిపే డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వాసన, ఊపిరి ద్వారా బయటికి పోతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది అని చెప్పింది. అలాగే తగ్గింది. ఎవరైనా ఓనిక్స్ చేయించుకుంటుంటే ఈ వాసనకి భయపడకండి.

సర్జరీ రోజు గురించి ఎక్కువ రాయలేను. పొద్దున ఏడున్నరకి తీసుకెళ్ళారు, మధ్యాహ్నం రెండు దాటాక సర్జన్ బయటికొచ్చి మాస్కు దించి "అంతా వచ్చేసింది" అన్నారు. తిరుపతిలో ఇవ్వాల్సిన జుట్టులో సగం అక్కడే ఇచ్చేశాం. తర్వాత మళ్ళీ డీఎస్ఏ చేసి, ఈసారి కూడా పిలిచి చూపించారు. కుడివైపు కూడా కొమ్మలు, తర్వాత పొగ, తర్వాత సిరలు. ఆ పొగ చూసి నేను డాక్టరు చేతులు పట్టుకున్నా.

ఎడమ చెయ్యి మొదటి వారం బాగా నీరసించింది. అలా జరగొచ్చని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు కాబట్టి కంగారు పడ్డాం గానీ మోసపోయామని అనిపించలేదు. ఫిజియోథెరపీలో మైనం ముద్ద ఇచ్చి పిసకమనేవాళ్ళు, ఇంటికొచ్చాక మేం చపాతీ పిండి ఇచ్చాం, చిక్కుడుకాయలు ఈనెలు తీయమన్నాం, పల్లీలు ఒలవమన్నాం, అన్నీ ఎడమ చేత్తోనే. చొక్కా గుండీ ఎడమ చేత్తో పెట్టుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ రోజు వాడు పైగుండీ నుంచి కిందిగుండీ దాకా పెట్టుకుని, మళ్ళీ అన్నీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు, వాళ్ళమ్మ స్కూలుకి టైమవుతోందన్నా వినకుండా. ఫిట్స్ మందు లెవెటిరాసెటమ్ ఏడాదిన్నర వాడాం. ఆ మందు మీద ఉన్నన్నాళ్ళూ వాడికి చీటికీమాటికీ కోపం వచ్చేది, చెల్లెల్ని కొట్టేవాడు, పుస్తకాలు విసిరేసేవాడు. పిల్లాడు మొండివాడయ్యాడని మా అమ్మ బాధపడింది. అది కొంతమంది పిల్లల్లో ఆ మందు చేసే పనే, డాక్టరుకి చెప్తే డోసు సర్దారు, కానీ మీ అంతట మీరు ఆపేయకండి, ఫిట్స్ తిరగబెడతాయి.

వార్డులో మాకు ఎదురు మంచంలో మూడు నెలల పసిబిడ్డ ఉండేది. వాళ్ళు తమిళనాడు వాళ్ళు. ఆ పాపకి మెదడులో వెయిన్ ఆఫ్ గేలెన్ అనే లోతు సిర ఉబ్బి, రక్తమంతా అటే దూకి గుండెకి భారమై, పుట్టిన కొన్నాళ్ళకే గుండె ఫెయిలైందట. పాలు తాగుతుంటే ఆయాసం, చెమట. గుండె జబ్బనుకుని గుండె డాక్టరుకి చూపిస్తే, గుండె గొట్టాల్లో తప్పేమీ లేదు, ఇంత రక్తం తిరిగొస్తోందంటే తలలో చూడాలి అని ఆయనే కనిపెట్టాడట. తల చుట్టుకొలత కూడా మామూలు కంటే పెరుగుతూ వచ్చింది. అలాంటి పసిపిల్లలకి తల తెరవకుండా గొట్టంతోనే, కొన్నిసార్లు రెండు మూడు విడతల్లో మూస్తారు. చంటిబిడ్డకి తల మామూలు కంటే త్వరగా పెరిగినా, గుండె ఆయాసానికి కారణం దొరక్కపోయినా తల సంగతి కూడా అడగండి. ఆ తల్లీ, మా ఆవిడా ఒకరి భాష ఒకరికి రాకుండానే పదిహేను రోజులు ఒకరికొకరు ఆసరాగా ఉన్నారు.

డబ్బు గురించి. ఆదాయం కాగితాలు, రేషన్ కార్డు చూసి రాయితీ ఇచ్చారు, ముందే ఎస్టిమేట్ కాగితం మీద ఇచ్చారు. ఓనిక్స్ ఖరీదైనది, ఎన్ని సీసాలు పడతాయో లోపలికి వెళ్ళేదాకా తెలియదు, ఆ మాట కూడా ముందే చెప్పారు. రానుపోను చార్జీలు, గది అద్దె కలిపినా హైదరాబాద్‌లో చెప్పినదాంట్లో సగం కాలేదు. మన ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ మాకు ఉపయోగపడలేదు, ఊరికొచ్చాక ఒరిజినల్ బిల్లులతో ఎమ్మెల్యే గారి ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకుంటే కొంత వచ్చింది. కాబట్టి ప్రతి బిల్లూ, ఎస్టిమేట్, డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్స్ జాగ్రత్త. గది మాత్రం చూసుకుని తీసుకోండి. మేం దిగిన లాడ్జి ఆయన పేషెంట్లని తెలిసి వారం అద్దె ముందే కట్టించుకుని, నీళ్ళు సరిగ్గా రాని గది ఇచ్చాడు, గుండు మీద కుట్లున్న పిల్లాడితో మధ్యలో ఇంకో చోటికి మారాల్సొచ్చింది.

వెళ్ళేముందు చేయాల్సిన పని ఒకటే గట్టిగా చెప్తా. స్కాన్ ఫిల్ములూ రిపోర్టు కాగితాలూ చాలవు, ప్రతి సీటీకీ ఎమ్మారైకీ సీడీ అడిగి తీసుకోండి, వీలైతే పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ. ఇక్కడి మొదటి సీటీ యాంజియో సీడీ అక్కడ డాక్టర్లు తెరిచి, గడ్డ ఉన్నప్పుడు చిక్కు ఎంత కనిపించింది, కరిగాక ఎంత బయటపడిందో పక్కపక్కనే పెట్టి పోల్చి చూశారు. ఆగమన్న గుంటూరు డాక్టరు మాట ఎంత నిజమో ఆ రోజు కళ్ళారా చూశాం.

ఏడాది తర్వాత, 2024 చివర్లో మళ్ళీ యాంజియో చేశారు, బాగుంది. పిల్లల్లో పూర్తిగా తీసేసినా కొందరికి మళ్ళీ పుట్టుకొచ్చే అవకాశం ఉంటుంది, వాళ్ళ నాళాలు ఇంకా ఎదుగుతుంటాయి కాబట్టి, అందుకే ఐదేళ్ళకొకసారి, పద్దెనిమిది దాటేటప్పుడు ఇంకోసారి చూడాలన్నారు. ఆ తారీఖులు మా ఆవిడ బీరువా తలుపు లోపల చాక్‌పీస్‌తో రాసిపెట్టింది. వాడిప్పుడు ఆరో తరగతి. మొన్న దసరా సెలవుల్లో తిరుపతి వెళ్ళి మిగిలిన మొక్కు తీర్చాం. గుండు గీసే ఆయన కుడివైపు కుట్ల గీత దగ్గర చెయ్యి ఆపి, ఇదేంటి బాబూ అని అడిగితే, మావాడు "ఇక్కడ గండి పడింది, పూడ్చారు" అన్నాడు.